అడవిగడ్డీ, ఇద్దరు వియ్యంకులూ

వీధి మలుపులో, మందుల షాపుకీ తాళాలు బాగుచేసే బడ్డీకీ మధ్య ఇరుక్కుని ఒక సెలూన్ ఉండేది. ఒక్క మనిషి వచ్చి కూర్చున్నా షాపంతా నిండినట్టు కనపడాలని ఎదురెదురు గోడలకు అద్దాలు పెట్టించాడు దాని యజమాని. కుర్చీలు రెండు. ఒకదాని మీట విరిగిపోయి వెనక్కి వాలేది కాదు. దాంట్లో కూర్చుని పేపరు చదువుకునేవాళ్ళే తప్ప క్షవరం చేయించుకునేవాళ్ళు లేరు. యజమానిని ఆ వీధిలో అందరూ బాబాయ్ అనేవాళ్ళు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఆయన భార్య ఆ లెక్కన అందరికీ పిన్ని అయిపోయింది.

బాబాయి మాటకారి. బ్రష్షుతో గడ్డానికి నురగ పూయడం మొదలుపెట్టి ముగించేలోపు అవతలి మనిషి ఉద్యోగం, ఊరు, మోకాళ్ళ నొప్పులు, అల్లుడి ఆగడాలు అన్నీ బయటికి లాగేవాడు. కత్తి గొంతు మీద ఉన్నంతసేపు ఆయనే మాట్లాడేవాడు కాబట్టి ఎదురు చెప్పే దిక్కు కూడా ఉండేది కాదు. రాయితో అయినా రెండు మాటలు పలికిస్తాడని పేరు.

అంతటి మనిషికీ ఒక్కచోట నోరు పడిపోయింది. అది సొంత వియ్యంకుడి ముందు.

బాబాయి కూతురు ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. అక్కడే పనిచేసే అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అబ్బాయి తండ్రి హైస్కూల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. మాస్టారి భార్య పెళ్ళికి కాదనలేదు గాని, చుట్టాలు అడిగినప్పుడల్లా, "అమ్మాయి నాన్నగారికి సొంత వ్యాపారం" అని ఊరుకునేది. ఏం వ్యాపారమని ఎవరైనా అడగబోతే కాఫీ పొంగిపోతోందని వంటింట్లోకి వెళ్ళిపోయేది. బాబాయి అది కనిపెట్టాడు. పెద్దగా పట్టించుకోలేదు. తలకాయలతో పని చేసేవాడికి ఏ తలలో ఏముందో తెలియకపోతే ఎలా?

బాబాయిని బాధపెట్టిందల్లా మాస్టారి మౌనమే. వియ్యంకులిద్దరూ ముందుగదిలో కూర్చునేవాళ్ళు. బాబాయి వానల గురించి ఎత్తుకునేవాడు.

"అవునండి," అనేవాడు మాస్టారు.

కూరగాయల ధరలు. "అవునండి." కొత్తగా వేసిన రోడ్డు అప్పుడే గుంటలు పడటం. "అవునండి, పడుతుంది." ఆ తర్వాత గోడ గడియారం ఒక్కటే మాట్లాడేది.

"ఆయనకి మనమంటే చిన్నచూపేమోనే," అన్నాడు బాబాయి ఒకసారి ఇంటికొస్తూ.

"చిన్నచూపూ లేదు, పెద్దచూపూ లేదు," అంది పిన్ని. "మీరు నోరు మూసుకునే చోటు ఒకటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తెలిసుంటే పెళ్ళైన కొత్తలోనే ఆయన పక్కింట్లో కాపురం పెట్టించేదాన్ని."

కూతురు నెలతప్పాక రెండు కుటుంబాలూ తరచుగా ఆ పిల్ల ఇంట్లో కలవడం మొదలైంది. ఒక ఆదివారం నలుగురు పెద్దవాళ్ళూ ఒకేసారి దిగబడి, ఒకరు దిండు సర్దుతూ, ఒకరు కిటికీ తీస్తూ, ఒకరు మూస్తూ ఉంటే, ఆ పిల్లకి తల తిరిగింది.

"నాన్నా, నువ్వూ మామయ్యగారూ అలా నడిచి రండి. మీరు తిరిగొచ్చేలోపు నేను కాస్త పడుకుంటాను. త్వరగా మాత్రం రావొద్దు."

వియ్యంకులిద్దరూ చెప్పులు వేసుకుని రోడ్డెక్కారు. కూతురి ఇల్లు ఊరి చివర. చివరి బస్సుస్టాపు దాటాక రోడ్డు ఆగిపోయి అడవి మొదలవుతుంది. ఎప్పటి చెట్లో, పైన కొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుని ఆకాశాన్ని కప్పేశాయి. జల్లెడ పట్టిన పిండిలా అక్కడక్కడా ఎండ రాలుతోంది. బాబాయి ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినా, అడవిలోకి అడుగుపెట్టడం ఎప్పుడో చిన్నప్పుడు మాత్రమే. ఆకులకు జుట్టు కత్తిరించే పని ఉండదుగా.

మాటల్లేకుండా నడుస్తూ ఉండగా పక్కన నడుస్తున్న మాస్టారు ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"బావగారూ! పడ్డారా?" బాబాయి కంగారుగా చెయ్యి అందించాడు.

"లేదండి, చూస్తున్నాను," అన్నాడు మాస్టారు జేబులోంచి చిన్న భూతద్దం తీస్తూ. "మీరూ కూర్చోండి. పూత మీదుంది."

ఎదురుగా గడ్డి. బాబాయి గడ్డం దాకా వచ్చేంత ఎత్తు. ఒకే దుబ్బు నుంచి నాలుగైదు కాండాలు లేచి, పైన బరువుకి వంగిపోయి ఉన్నాయి. ముదురాకుపచ్చ ఆకులు, మామూలు గడ్డికంటే బాగా వెడల్పు, చివరలు కిందికి వేలాడుతున్నాయి. కంకి ఒత్తుగా లేదు. కొమ్మలు జంటలు జంటలుగా విడిపోయి, ఒక్కో కొమ్మ కొసనా సన్నని గింజల గుత్తులు వేలాడుతున్నాయి.

ఆ తర్వాత జరిగింది బాబాయి చాలామందికి చెప్పాడు. ఏడాదిపాటు "అవునండి" తప్ప ఎరగని మనిషి, ఆనకట్ట తెగినట్టు మాట్లాడాడు.

"ఇది అడవి గడ్డి బావగారూ. బయట మైదానంలో బతకలేక కాదు, అక్కడ పోటీ ఎక్కువ. ఇక్కడ నీడకి మిగతా గడ్డి రాదు. అందుకే ఇది ఇక్కడ స్థిరపడింది. దొరికిన కాస్త వెలుగూ జారిపోకుండా ఆకు వెడల్పు చేసుకుంది, చూశారా? మిగతా గడ్డి పూత అయిపోయాక, ఎండలు ముదిరాక, తాపీగా పూస్తుంది."

"ఏటా గింజలు ఎవరు చల్లుతారు?"

"ఎవరూ చల్లక్కర్లేదు. బహువార్షికం. పైకి ఎండినట్టు కనిపించినా అడుగున దుబ్బు చావదు. చలికాలంలో కూడా నాలుగు ఆకులు పచ్చగానే ఉంచుకుంటుంది. వచ్చే ఏడు అదే దుబ్బు మళ్ళీ లేస్తుంది. ఇదుగో, ఇక్కడ చూడండి. కాండాన్ని చుట్టుకుని ఉన్నది ఆకు తొడుగు. తొడుగూ ఆకూ కలిసే చోట ఈ పొరని నాలుక అంటాం. దాని పక్కన కాండాన్ని పట్టుకున్నట్టు రెండు కొక్కేలు, అవి చెవులు. గింజ పొట్టు చివర ఈ సన్నని పుల్లలున్నాయే, అవి మీసాలు."

"నాలుక, చెవులు, మీసాలు," అన్నాడు బాబాయి. "ఇంకేం, కుర్చీలో కూర్చోబెట్టడమే తరువాయి!"

మాస్టారు భూతద్దం ఆయనకిచ్చాడు. బాబాయి దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని ముందుకి వంగాడు. తొడుగు నిండా వెంట్రుకలు. పొడుగ్గా, తెల్లగా, ఒక్కొక్కటీ విడివిడిగా.

"ఇదేంటి బావగారూ, అన్నీ కిందికి దువ్వినట్టున్నాయి?"

మాస్టారు నవ్వాడు. పెళ్ళి ఫోటోల్లో కూడా బయటపడని పళ్ళు బయటపడ్డాయి. "అదే దీని గుర్తు. కిందికి తిరిగిన పొడుగు వెంట్రుకలు. బాగా పట్టుకున్నారు."

ఆ మాటకి బాబాయి ఉబ్బిపోయాడు. ఇక పది అడుగులు వెయ్యగానే, "ఇదుగో ఇంకోటి!" అని అరిచాడు. అది కాదు. దానికి చెవులే లేవు. కంకి కూడా నిటారుగా ఉంది. మరికాస్త దూరం పోయాక, "ఇదైతే ఖాయం," అన్నాడు. మాస్టారు దాని కాండం వేళ్ళ మధ్య దొర్లించి చూపించాడు. మూడు పలకలు తగిలాయి. "ఇది తుంగ. గడ్డి కూడా కాదు." చీకటి పడేవేళకి ఇంటికి చేరేసరికి బాబాయి మూడు రకాల మొక్కల్ని ఒకే పేరుతో పిలిచి, మూడుసార్లూ తప్పాడు. అయినా ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"ఏమైంది వీళ్ళకి?" అంది మాస్టారి భార్య.

"మోకాళ్ళ నిండా మట్టి," అంది పిన్ని. "ఉతికేది ఎవరో తేలాక మాట్లాడదాం."

అప్పటినుంచీ ఆదివారాలు అడవికి రాసిచ్చేశారు. మనవరాలు పుట్టింది, పాకింది, నడిచింది. వియ్యంకుల నడక ఆగలేదు. బాబాయి షాపులో వాడే తువ్వాలులో మొక్కలు మూటగట్టి తెచ్చేవాడు. వాటిలో సగం పనికిరానివి. మాస్టారు విసుక్కునేవాడు కాదు. స్కూల్లో పిల్లలకి చెప్పినట్టే మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాడు. సెలూన్‌కి వచ్చేవాళ్ళకి కూడా ఈ గోల తప్పలేదు. నురగ మొహంతో కదలలేని మనిషికి గడ్డి నాలుక గురించి వినడం తప్ప వేరే దారేముంది?

అలా తిరుగుతుండగా ఒక ఆదివారం మాస్టారు తన మనసులో మాట బయటపెట్టాడు. తాము వారం వారం చూసే గడ్డికి ఒక చెల్లెలుందట. చూడటానికి అక్కలాగే ఉంటుంది. తేడా అంతా వెంట్రుకల్లోనే. అక్కకి కింది తొడుగు నుంచి పై తొడుగు దాకా పొడుగు వెంట్రుకలు. చెల్లెలికి అడుగున అలాగే ఉన్నా, అన్నిటికంటే పైనున్న తొడుగు మాత్రం ఇంచుమించు నున్నగా ఉంటుంది.

"మా గురువుగారు ఈ అడవిలోనే చూశానన్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట. అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాను. ఆయన పొరబడ్డారేమో, నేనే సరిగ్గా చూడలేదేమో తెలియదు. దొరికితే లోకానికి ఒరిగేది ఏమీ లేదనుకోండి. నాకే, ఒక్కసారి చూడాలని."

"చూద్దాం బావగారూ. రెండు జతల కళ్ళున్నాయిగా ఇప్పుడు," అన్నాడు బాబాయి.

చెల్లెలు దొరకలేదు గాని, మాస్టారి చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ కప్పు సాసర్ మీద టకటకలాడింది. తర్వాత భూతద్దం. గడ్డిపోచ ఒక చేత్తో, అద్దం ఒక చేత్తో పట్టుకుంటే రెండూ రెండు దిక్కులకి పోయేవి. బాబాయి గడ్డిపోచ పట్టుకుని నిలబెట్టేవాడు. కొన్నాళ్ళు అలా గడిచింది. డాక్టర్లు వణుకుడు జబ్బన్నారు, మందులిచ్చారు, తగ్గదు గాని నెమ్మదిస్తుందన్నారు. అడుగు కూడా తడబడటం మొదలయ్యాక మాస్టారు అడవికి రావడం మానేశాడు. బాబాయి వెళ్ళి ఎదురుగా కూర్చుంటే మళ్ళీ పాత "అవునండి"కే వచ్చింది వ్యవహారం.

ఒక మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్న వేళ, బాబాయి తోలుపట్టీ మీద కత్తి నూరుకుంటూ తల ఎత్తేసరికి గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. పిల్లల పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. లోపలికొచ్చింది గాని, ఏ గోడవైపు చూసినా తన మొహమే కనిపిస్తుంటే ఎటు చూడాలో తెలియక నేలవైపు చూసింది.

"కూర్చోండి చెల్లెమ్మా. ఆ కుర్చీ వెనక్కి వాలదు, భయం లేదు."

ఆమె అంచున కూర్చుంది. "అన్నయ్యగారూ, ఆయన గడ్డం గీసుకోలేకపోతున్నారు. మొన్న చెంప తెగింది. నన్ను గియ్యనివ్వరు. అబ్బాయినీ దగ్గరికి రానివ్వరు. అద్దంలో చూసుకోవడం కూడా మానేశారు. ఎప్పుడూ నలగని చొక్కా వేసుకునే మనిషి, ఇప్పుడు..." కొంగు వేలికి చుట్టుకుంది. "మీరు ఒకసారి..."

"ఒకసారేంటమ్మా, వారానికి నాలుగుసార్లు వస్తాను. నా పనే అది."

మర్నాడు పొద్దున్నే బాబాయి సంచీలో బ్రష్షూ, సబ్బూ, కత్తీ, పటికబిళ్ళా, ఉతికిన తువ్వాలూ సర్దుకుని వెళ్ళాడు. మాస్టారు ఆ సంచీ వంక చూశాడు. మొహం ముడుచుకుపోయింది.

"వద్దు బావగారూ."

"ఏం, నా చెయ్యి మీద నమ్మకం లేదా?"

"అది కాదు. ఈ ఇంట్లో మీ పని పేరు చెప్పడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాం. అది మీకు తెలుసు, నాకూ తెలుసు. నేనెప్పుడూ మా ఆవిడకి అడ్డు చెప్పలేదు. ఇప్పుడు అవసరం పడిందని మీ చేత గడ్డం గీయించుకుంటే ఎలా ఉంటుంది? మీరు సంచీ పట్టుకుని ఈ గుమ్మంలోకి వస్తే, వీధిలోవాళ్ళు వియ్యంకుడొచ్చాడనుకోరు. నాకు సిగ్గుగా ఉంటుంది. మీ గురించి కాదు, నా గురించి."

వంటింటి గుమ్మంలో నిలబడిన ఆయన భార్య ఆ మాట వింది. తలుపు చాటుకి జరిగింది. బాబాయి సంచీ భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఆ రోజు షాపులో ఎవరి ఊరూ అడగలేదు, ఎవరి మోకాళ్ళ నొప్పీ అడగలేదు.

షాపుకి సెలవు రోజున ఒక్కడే అడవికి వెళ్ళాడు. ఆ చెల్లెలి గడ్డి కోసం సాయంత్రందాకా వెతికాడు. కనిపించిన ప్రతి దుబ్బు పై తొడుగూ తడిమి చూశాడు. అన్నీ అక్కలే. తిరుగుదారిలో ఒక మంచి కాండం చూసి వేరు కదలకుండా కోశాడు. ఎందుకు కోశాడో అప్పటికి ఆయనకే తెలియదు. షాపుకొచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కనే కత్తి ఉంది.

కాసేపటికి పిన్ని టీ తెచ్చేసరికి, బాబాయి దీపం కిందకి వంగి, ఊపిరి బిగబట్టి ఏదో చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"గీస్తున్నా."

"ఎవరి గడ్డం? షాపులో పిట్ట లేదు."

"గడ్డం కాదే, గడ్డి."

పిన్ని దగ్గరికొచ్చి చూసింది. పుల్లంత కాండం. దాని పై తొడుగుకి సబ్బు నురగ. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, "భగవంతుడా, ఆ మాస్టారు ఈయనకి కూడా ఏదో అంటించాడు," అంది.

బాబాయి తన జీవితంలో అంత సన్నని మెడ మీద కత్తి పెట్టలేదు. కాస్త ఒత్తితే తొడుగు చీలుతుంది. కత్తిని దాదాపు పడుకోబెట్టి, వెంట్రుక పడిన వైపే లాగుతూ, ఒక్కచోట కూడా గీత పడకుండా నున్నగా దించాడు. వేలితో తడిమాడు. పసిపిల్ల చెంపలా ఉంది.

మర్నాడు దాన్ని తడిబట్టలో చుట్టి మాస్టారి ముందు పెట్టాడు. "బావగారూ, దీన్నొకసారి చూడండి. నాకేమో పై తొడుగు నున్నగా అనిపించింది. నాకు తెలియదనుకోండి, నేను తుంగని కూడా గడ్డంటాను."

మాస్టారు వణికే వేలిని పై తొడుగు మీద ఆన్చాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కళ్ళు పెద్దవయ్యాయి. "ఎక్కడ?" అన్నాడు.

"వాగు పక్కన... ఆ పడిపోయిన మాను దగ్గర."

"ఇలా వదిలి వెళ్ళండి. తీరిగ్గా చూస్తాను." వెంటనే భార్యని కేకేశాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ ఇంట్లో ఆయన కేక వినిపించింది. "తెల్ల కాగితం తీసుకురా! కిటికీ దగ్గర కుర్చీ వెయ్యి!"

బాబాయి ఇంటికి వచ్చాడు. సంతోషపెట్టాననుకున్న సంతోషం వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. ఆ స్థలం చూపించమంటే? ఎవరికైనా కబురు పంపితే? అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే పిన్ని, "చేసిన పని కక్కేసి రండి. గడ్డికి క్షవరం చేసినవాళ్ళని జైల్లో వెయ్యరులే," అంది.

రేపు చెబుదామనుకుంటూ ఉండగానే మర్నాడు మాస్టారి ఇంటినుంచి పిలుపొచ్చింది.

కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద గడ్డి పరిచి ఉంది. భూతద్దాన్ని పుస్తకాల మధ్య ఇరికించి కదలకుండా నిలబెట్టాడు మాస్టారు.

"కూర్చోండి బావగారూ," అన్నాడు గంభీరంగా. "ఇంతకీ దీన్ని ఎవరు గీశారు?"

బాబాయి మొహం పాలిపోయింది.

"మొదట సబ్బు వాసన వేసింది. అడవిలో ఎవరో స్నానం చేశారేమో అనుకున్నాను. తర్వాత అద్దంలోంచి చూస్తే వెంట్రుకల మొదళ్ళు. కోత కోసిన చేనులా వరసగా ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. కంకి కింద చూశాను. అన్నిటికంటే కింది కొమ్మలు మొదలయ్యే చోట చిన్న పొలుసుంటుంది. అక్కకి దాని అంచున వెంట్రుకలుంటాయి, చెల్లెలికి ఉండవు. ఆ సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు కదా? వెంట్రుకలు అలాగే ఉన్నాయి." మాస్టారు తల ఎత్తాడు. "ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి, మెడ గియ్యడం మరిచిపోతే ఎలా బావగారూ?"

ఆ చివరి మాట దగ్గర మాస్టారి పెదవి అదిరింది. తర్వాత భుజాలు. కోపమో ఏడుపో అనుకుని బాబాయి గాభరాపడ్డాడు. అది నవ్వు. అణుచుకుందామనుకున్నా ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"తప్పైపోయింది," అన్నాడు బాబాయి. "మీరు సంతోషిస్తారని..."

"సంతోషించాను. సాయంత్రందాకా చాలా సంతోషించాను. అది మాత్రం అబద్ధం కాదు." నవ్వు తగ్గాక మాస్టారి గొంతు మారింది. "కానీ ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి. నేను నమ్మి నలుగురికీ చెప్పుంటే, ఈ అడవిలో లేని మొక్క ఉందని వాళ్ళూ నమ్మేవాళ్ళు. నా తర్వాత ఎవరో కుర్రవాడు దానికోసం జీవితమంతా తిరిగేవాడు. నాలాగే."

బాబాయి తల దించుకున్నాడు. కొట్టినా అంత తగిలేది కాదు.

"సరే, అది వదిలెయ్యండి," అన్నాడు మాస్టారు. గడ్డిపోచని వేలితో నిమిరాడు. "ఇంత సన్నటిదాన్ని ఒక్క గాటు పడకుండా గీశారు. నా మొహం చూసుకుంటే సగం గాట్లే. రేపు సంచీ తెచ్చుకోండి."

బాబాయి నోరు తెరిచేలోపు మాస్టారి భార్య అందుకుంది. "ముందు గుమ్మంలోంచే రండి అన్నయ్యగారూ. సంచీ దాచకుండా పట్టుకుని."

మర్నాడు ఆయన వచ్చేసరికి ఆమె కావాలనే వాకిట్లో నిలబడి ఉంది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. "మా వియ్యంకుడుగారు," అంది మాస్టారి భార్య వీధికంతా వినపడేలా. "మలుపులో సెలూన్ వీళ్ళదే. మీవారిని కూడా పంపండి, జుట్టు చెవుల్లోకి వచ్చేసింది."

వణికే గడ్డం గియ్యడం ఒక విద్య. బాబాయి ఎడమచేత్తో దవడ కింద ఆనుకునేవాడు. వణుకు ఒక అలలా వచ్చి పోతుంది. అది తగ్గిన రెండు క్షణాల్లో ఒక్క పట్టు లాగి కత్తి ఎత్తేసేవాడు. మళ్ళీ అల. మళ్ళీ ఆగడం. షాపులో ఐదారుగురి పని అయ్యేంతసేపు పట్టేది. ఇద్దరికీ తొందర లేదు. నురగ కడిగి, పటిక రాసి, తువ్వాలుతో అద్దాక మాస్టారు కిటికీ అద్దంలో మొహం చూసుకునేవాడు. తర్వాత అడవి కబుర్లు మొదలయ్యేవి.

పూత కాలంలో కొడుకు చక్రాల కుర్చీ తోసుకుంటూ మాస్టారిని అడవి అంచుదాకా తీసుకొచ్చేవాడు. బాబాయి నేల మీద బోర్లా పడుకుని కనిపించింది కనిపించినట్టు కేకేసి చెప్పేవాడు. మాస్టారు కుర్చీలోంచి ప్రశ్నలు వేసేవాడు. "చెవులున్నాయా?" "ఉన్నాయి." "సరిగ్గా చూడండి." "... లేవు." చెల్లెలు మాత్రం దొరకలేదు. ఒకసారి బాబాయి, "మీ గురువుగారు తప్పు చూశారేమో బావగారూ," అన్నాడు. "అయ్యుండొచ్చు," అన్నాడు మాస్టారు. "మనిషే కదా." ఆ మాట అన్నాక ఆయన మొహం తేలికపడినట్టు అనిపించింది బాబాయికి.

ఇలా కొన్నేళ్ళు నడిచింది. చివర్లో మాస్టారి గొంతు గుసగుస అయిపోయింది. మింగడం కష్టమైంది. ఒక చలికాలం జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి పట్టుకుంది. రెండు వారాలు ఆస్పత్రిలో ఉండి, ఒక ఉదయం కన్నుమూశాడు. ఇంటికి తెచ్చాక బాబాయి సంచీ తెరిచాడు. నీళ్ళు ఎప్పటిలాగే గోరువెచ్చగా కాచాడు. చల్లనీళ్ళైనా ఇప్పుడు ఒకటేనని ఎవరో అనబోతే పిన్ని కళ్ళతోనే ఊరుకోబెట్టింది. దవడ కింద చెయ్యి ఆన్చి బాబాయి అలవాటు కొద్దీ అల కోసం ఆగాడు. అల రాలేదు. అప్పుడు బాబాయి చెయ్యే వణికింది. కత్తి కింద పెట్టి, మొహం తుడుచుకుని, మళ్ళీ తీసుకున్నాడు. ఒక్క గాటు పడకుండా ముగించాడు.

ఆ తర్వాత బాబాయి చాలాకాలం అడవి వైపు వెళ్ళలేదు. ఎండలు ముదిరాక ఒక ఆదివారం మాస్టారి భార్య తనే ఇంటికొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ అడవిలో అసలు ఏముందో నాకూ ఒకసారి చూపించండి. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను రమ్మని ఆయన ఎన్నిసార్లు పిలిచారో. బట్టలు ఉతకాలి, పచ్చళ్ళు ఎండబెట్టాలి అని నేనే తప్పించుకున్నాను."

పిన్ని ఫ్లాస్కులో టీ పోసింది. ముగ్గురూ బస్సెక్కి చివరి స్టాపులో దిగి నడిచారు. పూసి గింజ పట్టిన దుబ్బు దగ్గర బాబాయి ఆగి, "ఇదమ్మా," అన్నాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని చూసింది. చుట్టూ చూసింది. మళ్ళీ గడ్డి వంక చూసింది. "ఇదా?"

"ఇదే."

"దీనికోసమా నా ఆదివారాలన్నీ?" అంది. కోపంగా అనబోయి నవ్వేసింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. పిన్ని ఆమె భుజం మీద చెయ్యేసి పక్కనున్న మొద్దు మీద కూర్చోబెట్టింది. బాబాయి వంగి నాలుక, చెవులు, మీసాలు చూపించాడు. ఆమె వింది. అర్థమైందో లేదో తెలియదు గాని, వెంట్రుకలు కిందికి తిరిగి ఉన్నాయన్నప్పుడు తనే వేలు పెట్టి తడిమింది. "చల్లగా ఉంది ఇక్కడ," అంది తర్వాత. టీ తాగింది. ఇంకో కప్పు అడిగింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కదిలాక చూస్తే ఆమె చీర అంచు నిండా గింజలు. మీసాలతో దారాల్లోకి దూరి పట్టుకున్నాయి. పిన్ని ఒక్కొక్కటే లాగి కిటికీలోంచి బయటికి విసరబోయింది.

"ఆగండి వదినా," అంది మాస్టారి భార్య. "బస్సు రోడ్డు పక్కన అవి బతకవు. నీడ కావాలట." బాబాయి వైపు తిరిగి, "కదా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"కావాలమ్మా," అన్నాడు బాబాయి. జేబులోంచి రుమాలు తీసి ఒళ్ళో పరిచాడు. ఊళ్ళోకి వచ్చేదాకా ఆడవాళ్ళిద్దరూ గింజలు ఏరి అందులో వేస్తూనే ఉన్నారు.